భోజనక్రమము – కాలేయమునందలి క్రొవ్వు

మన దేహమందలి యవయవములలో మిక్కిలి పాటుపడియు మిక్కిలి తక్కువగా మొరపెట్టుకొనునది కాలేయము. పన్ను నొచ్చిన రాత్రి నిద్ర పట్టదు; కడుపు నొచ్చిన వెంటనే తెలియును. కాలేయము మాత్రము తనలో క్రొవ్వు నిండుచున్నను ఏండ్లతరబడి మాటాడక తన పని తాను చేసికొనుచుండును. అది మాటాడునాటికి వ్యాధి చాల దూరము పోయి యుండును. కావున దాని విషయము ముందుగానే తెలిసికొనుట మేలు. మనము ఏమి తినుచున్నాము, ఎప్పుడు తినుచున్నాము, ఎన్నిసార్లు తినుచున్నాము అను మూడు ప్రశ్నలకును కాలేయమున చేరు క్రొవ్వునకును గల సంబంధమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును బోధపడునట్లు వివరింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒక అపోహ

“కాలేయము చెడినది” అని వినగానే మనలో పెక్కుమందికి ముందుగా తోచునది సారాయి. త్రాగుబోతులకు కాలేయము చెడుననుట సత్యమే. కాని త్రాగనివారికి చెడదనుట సత్యము కాదు. ఈ అపోహవలన కలుగు కీడు చిన్నది కాదు. జన్మములో మద్యము ముట్టని గృహస్థునకు వైద్యుడు “కాలేయమున క్రొవ్వు చేరినది” అని చెప్పినచో, అతడు ఆ కాగితమును బీరువాలో దాచును. ఇంట అనుమానము, బయట గుసగుసలు కలుగునని భయపడును. అట్లు దాచిన వ్యాధి లోలోపల పెరుగును.

1980వ సంవత్సరమున అమెరికాలోని మేయో క్లినిక్కున లూడ్విగ్ అను వైద్యుడును ఆయన సహచరులును ఇరువదిమంది రోగులనుగూర్చి ఒక వ్యాసమును ప్రకటించిరి. వారి కాలేయములు సూక్ష్మదర్శినిలో త్రాగుబోతుల కాలేయములవలెనే కనబడెను. వారు మాత్రము త్రాగువారు కారు. వారిలో అధికులు స్థూలకాయులు, పలువురికి మధుమేహముండెను. నాటినుండి ఈ వ్యాధికి “మద్యమువలన గలుగని” అను విశేషణముతో కూడిన పేరు వాడుకలోనికి వచ్చెను. 2023లో పలు దేశముల వైద్యసంఘములు కలిసి, ఆ పేరు రోగులకు తలవంపుగా నున్నదనియు, వ్యాధి కారణమును తెలుపుట లేదనియు తలంచి, “జీవక్రియాలోపముతో గూడిన క్రొవ్వుకాలేయవ్యాధి” అను నర్థము వచ్చు క్రొత్త పేరును పెట్టినవి. పేరు మారుటలోనే పాఠమున్నది: మూలకారణము సీసాలో గాక, దేహము అన్నమును వినియోగించుకొను తీరులో నున్నది.

మన నగరమున జరిగిన పరిశీలన

ఇది దూరదేశపు వ్యాధి యని తలంపరాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును ఈ నగరములోని ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులును కలిసి, ఇచ్చటి సాఫ్ట్‌వేరు ఉద్యోగులను 345 మందిని పరీక్షించి, 2025లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 84 మంది కాలేయములలో ఉండవలసిన దానికంటె అధికముగా క్రొవ్వుండెను. వీరు ఒక వృత్తికి చెందినవారగుటచేత నగరములోని వారందరికిని ఈ లెక్క యిట్లే వర్తించునని చెప్పరాదు. దేశముమీద జరిగిన పలు పరిశీలనలను ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు ఒకచోట కూర్చి 2022లో లెక్కించగా, పెద్దవారిలో నూటికి సుమారు 38 మందికిని, పరీక్షింపబడిన పిల్లలలో నూటికి సుమారు 35 మందికిని ఈ లక్షణము గలదని తేలెను. 2021లోనే భారతప్రభుత్వము మధుమేహము, గుండెజబ్బు, క్యాన్సరు మొదలగు వ్యాధుల నివారణకై నడుపు జాతీయ కార్యక్రమమున దీనినిగూడ చేర్చినది.

సాఫ్ట్‌వేరు ఉద్యోగులతో మన అమీర్‌పేటకు గల సంబంధమును చదువరులు ఎరుగుదురు. రెండు తెలుగు రాష్ట్రముల జిల్లాలనుండియు యువతీయువకులు ఇచ్చటి శిక్షణసంస్థలకు వచ్చి, మైత్రీవనము చుట్టునుగల వీథులలోని హాస్టళ్లలో నివసించి, కంప్యూటరు భాషలు నేర్చుకొని ఉద్యోగములకు పోవుచుందురు. ఉద్యోగి దేహమున కనబడిన క్రొవ్వు ఉద్యోగము చేరిననాడు పుట్టినది కాదు. దానికి విత్తనము విద్యార్థిదశలో అలవడిన భోజనక్రమమే కావచ్చును. నేడు మా తరగతులలో కూర్చున్న బాలబాలికలలో ననేకులు రేపు ఇట్టి హాస్టళ్లకే పోవుదురు గనుక ఈ విషయము వారిది.

కాలేయము చేయు పని

కాలేయము కుడిప్రక్కటెముకల క్రింద నుండును. పెద్దవారిలో ఒకటిన్నర కిలోగ్రాముల వరకు తూగును. ప్రేగులనుండి వచ్చు రక్తము ముందుగా ఈ అవయవమును చేరి, పిమ్మట దేహమంతటికి పోవును. అందుచేత మనము తిన్న అన్నములోని చక్కెర ముందుగా కాలేయమును పలుకరించును. భోజనమైన తరువాత కాలేయము కొంత చక్కెరను గ్లైకోజెను అను పదార్థముగా మార్చి దాచుకొనును. రాత్రి మనము నిద్రించునప్పుడు ఆ నిలువనుండియే కొంచెము కొంచెముగా తీసి మెదడునకును ఇతర భాగములకును పంపును.

అయితే ఈ గాదె చిన్నది. కాలేయమున నిలువయుండు గ్లైకోజెను సుమారు నూరు గ్రాములు మాత్రమే. గాదె నిండియుండగా మరల ధాన్యపు బండ్లు వచ్చి వాకిట నిలిచినచో ఏమి చేయవలెను? కాలేయము ఆ మిగులు చక్కెరను క్రొవ్వుగా మార్చును. ఆ క్రొవ్వును మాంసకృత్తులతో పొట్లములుగా కట్టి రక్తములోనికి పంపును. పంపగలిగిన దానికంటె వచ్చునది ఎక్కువైనప్పుడు క్రొవ్వు కాలేయకణములలోనే బిందువులుగా మిగిలిపోవును. కాలేయమున క్రొవ్వు నూటికి ఐదు పాళ్లకు మించినచో దానిని క్రొవ్వుకాలేయమందురు.

ఇది మొదటి మెట్టు. పెక్కుమంది ఈ మెట్టుమీదనే నిలిచిపోవుదురు. కొందరిలో మాత్రము కాలేయమున వాపు పుట్టును. వాపు మానినచోట్ల మచ్చలు గట్టును. మచ్చలు పెరిగి కాలేయము గట్టిపడి పనికి చాలకపోవును. కొందరికి క్యాన్సరుగూడ కలుగవచ్చును. ఇంకొక మాట గమనింపదగును: ఈ వ్యాధి గలవారి ప్రాణమునకు కాలేయముకంటె గుండెవలన గలుగు ముప్పే ఎక్కువ. కాలేయమున క్రొవ్వు చేర్చు కారణములే రక్తనాళములనుగూడ చెరచుచుండును.

ఆకలివలన గలుగు క్రొవ్వు

క్రొవ్వు తిన్నవారి కాలేయమునకే క్రొవ్వు పట్టుననుకొనుట సహజము. అది పూర్ణసత్యము కాదని మన నగరమందలి ఒక సంస్థ చరిత్రయే తెలుపుచున్నది. 1918లో కూనూరున మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న గదిలో ప్రయోగశాలను ప్రారంభించెను. అది పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. నేటికిని తార్నాకలో నున్నది. డాక్టరు సి. గోపాలన్‌గారు మొదలగువారు ఆ సంస్థలో శ్రద్ధతో పరిశోధించిన వ్యాధులలో క్వాషియార్కరు ఒకటి.

క్వాషియార్కరు బీదపిల్లల వ్యాధి. తల్లిపాలు మానిన పిమ్మట గంజియు అన్నమును తప్ప పప్పు, పాలు, గ్రుడ్లు ఎరుగని శిశువులకు అది కలుగును. కాళ్లు వాచును, జుట్టు రంగు మారును, కాలేయము క్రొవ్వుతో నిండి పెరుగును. ఆ శిశువులు నేయి తినలేదు, వేపుడు తినలేదు. అయినను కాలేయమున క్రొవ్వు! కారణమేమనగా, క్రొవ్వును పొట్లముగట్టి వెలుపలికి పంపుటకు చాలినంత మాంసకృత్తు వారి దేహమున లేదు. నాటి శిశువునకు పంపుటకు శక్తి చాలలేదు. నేటి యువకునకు వచ్చు సరకు మితిమీరినది. రెండింటను కాలేయమే ఇరుకున పడెను. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఉత్త అన్నముతో నిండిన విస్తరి మంచి విస్తరి కాదు. పేదరికమునను కాదు, కలిమిలోను కాదు.

క్రొవ్వు ఎక్కడనుండి వచ్చుచున్నది?

2005లో అమెరికా పరిశోధకులు ఈ వ్యాధి గలవారి కాలేయములలోని క్రొవ్వు ఏయే మార్గముల వచ్చినదో గుర్తులు కలిపిన పదార్థములతో కనిపెట్టిరి. నూటికి 59 పాళ్లు దేహమున, ముఖ్యముగా పొట్టచుట్టును, నిలువయున్న క్రొవ్వునుండి కరగి వచ్చినవి. 26 పాళ్లు కాలేయమే చక్కెరలనుండి తయారుచేసినది. ఆ దినమున తిన్న క్రొవ్వునుండి నేరుగా వచ్చినవి 15 పాళ్లు మాత్రమే.

మొదటి లెక్కకు కొంత వివరణ కావలెను. భోజనమైన పిమ్మట క్లోమము ఇన్సులిన్ అను రసమును వదలును. “ఇప్పుడు అన్నమున్నది, నిలువను తీయవద్దు” అని అది దేహపు క్రొవ్వునకు ఆజ్ఞ యిచ్చును. నడుము లావై, కండరములు పనిలేక యుండి, దినమంతయు ఏదో ఒకటి నమలుచుండువారిలో ఆ ఆజ్ఞకు విలువ తగ్గును. అప్పుడు భోజనము వచ్చుచున్నను నిలువక్రొవ్వు కరగి కాలేయమునకు ప్రవహించుచునే యుండును. అనగా ముందు వాకిలినుండి చక్కెర, వెనుక వాకిలినుండి క్రొవ్వు ఒకేసారి లోనికి వచ్చును.

అమీర్‌పేటలో ఒక దినము

ఇక భోజనక్రమమును చూతము. ఇచ్చటి హాస్టలు విద్యార్థి దినము తరచుగా నిట్లుండును. రాత్రి ఆలస్యముగా పరుండినందున ఉదయము ఆలస్యముగా లేచి, తరగతికి పరుగెత్తుచు చక్కెర వేసిన టీ త్రాగును. పదిగంటలకు బండివద్ద ఇడ్లీయో దోసెయో పూరీయో. మధ్యాహ్నము మెస్సులో కుప్పగా తెల్లని అన్నము. పప్పు పలుచన, కూర రెండు గరిటెలు. నాలుగు గంటలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కత్తులు. ఆరు గంటలకు మిర్చీబజ్జీ, పునుగులు లేక సమోసా. దానితో ఒక కూల్‌డ్రింకు. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట బిర్యానీయో వేపుడన్నమో, ఆపై నిద్ర. కుర్చీలో కూర్చున్న గంటలే యెక్కువ. 2017 నుండి మెట్రోరైలు వచ్చినందున కొందరికి నడకయు తగ్గినది. గృహస్థుల ఇండ్లలో పేర్లు మారవచ్చును గాని క్రమము చాలవరకు నిదియే.

దీనిలో ఒక్కొక్క యంశమును విడదీసి పరీక్షింతము.

మొదటిది, టీలోని చక్కెర. ఒక కప్పునకు రెండు చెంచాలు, అనగా సుమారు ఎనిమిదినుండి పది గ్రాములు. దినమునకు నాలుగు కప్పులైనచో ముప్పదిరెండునుండి నలువది గ్రాములు. మూడువందల మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ముప్పది గ్రాములకు మించియే చక్కెర యుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారము, పదార్థములకు చేర్చు చక్కెర దినపు శక్తిలో పదియవవంతునకు లోపల నుండవలెను. ఇరువదియవవంతునకు, అనగా సుమారు ఇరువదియైదు గ్రాములకు, లోపల నున్నచో మరింత మేలు. మిఠాయి ముట్టకయే మన విద్యార్థి దానికి రెండింతలు దాటినాడు. చక్కెరలో సగము ఫ్రక్టోజు. దానిని గ్లూకోజువలె కండరములు అంతగా వాడుకొనలేవు. అధికభాగము కాలేయమే స్వీకరించి సులభముగా క్రొవ్వు చేయును. బెల్లమును తేనెయు ఈ విషయమున చక్కెరకు చుట్టములే. అవి దేశీయములని కాలేయము దయతలచదు. పండును కొరికి తినుట వేరు, రసము పిండి గ్లాసెడు త్రాగుట వేరు. పండులోని పీచు చక్కెరను నెమ్మదిగా లోనికి విడుచును.

రెండవది, మాటిమాటికి తినుట. 2014లో హాలండు పరిశోధకులు 36 మంది సన్నని పురుషులతో ఒక ప్రయోగము చేసిరి. ఆరు వారములపాటు కొందరికి నూటికి 40 పాళ్లు అధికాహారమిచ్చిరి. ఒక భాగమువారు ఆ అధికమును మూడు భోజనములతోనే కలిపి తీసికొనిరి. మరియొక భాగమువారు భోజనముల నడుమ చిరుతిండ్లుగా తీసికొనిరి. బరువు ఇరువురికిని పెరిగెను. కాని కాలేయమున క్రొవ్వు పెరిగినది నడుమనడుమ తిన్నవారికే. గాదె కొంచెమైనను ఖాళీయగుటకు వ్యవధి లేనప్పుడు ఏమగునో ఈ ప్రయోగము చూపుచున్నది. కాబట్టి “కొంచెమేకదా” అని గంటకొకసారి నోటవేసికొను నాలుగు బిస్కత్తులను లెక్కకు తీసికొనవలెను.

మూడవది, అన్నము. భారతీయుల ఆహారమున శక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నవని భారత వైద్యపరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగిన పరిశీలన 2025లో ప్రకటించెను. వానిలో హెచ్చుభాగము తెల్లని బియ్యము, గోధుమపిండి, చక్కెర. జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్లకు మించరాదనిరి. అన్నము విషము కాదు. మన తాతలును అన్నమే తినిరి. కాని వారిలో పెక్కుమంది నాగలి పట్టిరి, మోట తోలిరి, కోసులకొలది నడచిరి. ఆ కండరములు అన్నమును అడిగి పుచ్చుకొనెను. తెర ముందు పదిగంటలు కూర్చున్న దేహమునకు అదే కొలత అన్నము పెట్టినచో అడుగువారు లేక అది కాలేయమునకు పోవును.

నాలుగవది, నూనెయు నేయియు. 2018లో ఫిన్లండు పరిశోధకులు 38 మందికి మూడు వారములు దినమునకు వేయి కాలరీలు అధికముగా ఇచ్చి చూచిరి. వెన్న, కొబ్బరినూనె, జున్ను వంటి గట్టిక్రొవ్వులు తిన్నవారి కాలేయమున క్రొవ్వు నూటికి 55 పాళ్లు పెరిగెను. చక్కెరలు తిన్నవారికి 33 పాళ్లు. గింజలు, ఆలివునూనె వంటివి తిన్నవారికి 15 పాళ్లు. నేరుగా వచ్చు క్రొవ్వు తక్కువయని పైన చెప్పితిమి గాని, అందుచేత వనస్పతిలో వేగిన పదార్థములు నిరపాయకరములని అర్థము కాదు. ఒక చెంచా నేయి అన్నములో కలుపుకొన్నవానికంటె, ఆ నేతిని మాని, దానికి బదులు రెండు కప్పుల తీపి టీ త్రాగినవాడు ఆరోగ్యవంతుడు కాడనుటయు అంతే నిజము.

అయిదవది, రాత్రి భోజనము. నిద్రకు ముందు ఘనముగా తినినచో, రాత్రి నిలువనుండి ఖర్చుచేయవలసిన కాలేయము మరల సరకు దింపుకొనుపనిలో పడును. అట్లని గడియారమే సర్వము చేయునని నమ్మరాదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 88 మంది రోగులతో నడిపి 2023లో ప్రకటించిన ప్రయోగమున, కొందరు ఉదయము ఎనిమిదినుండి సాయంకాలము నాలుగువరకు మాత్రమే తినిరి. తక్కినవారు ఇష్టమైన వేళలలో తినిరి. ఇరువురకును ఆహారపరిమాణము సమముగా తగ్గింపబడెను. సంవత్సరము చివర ఇరువురి కాలేయములలోను క్రొవ్వు దాదాపు ఒకేరీతిగా తగ్గెను. వేళను నియమించుకొనుట మితముగా తినుటకు తోడుపడినచో మంచిదే. మితము లేక వేళమాత్రమే పాటించిన ఫలము స్వల్పము.

ఇంటిల్లిపాది మారినప్పుడు

తలిదండ్రులు ముఖ్యముగా ఆలోచింపవలసిన ప్రయోగమొకటి కలదు. 2019లో అమెరికాలో పదునొకండు మొదలు పదునారేండ్ల వయస్సు గల 40 మంది బాలురు, కాలేయమున క్రొవ్వు గలవారు, ఎన్నుకొనబడిరి. సగముమందికి ఎనిమిది వారములు తీపి పానీయములను, చేర్చిన చక్కెరలను దాదాపు పూర్తిగా మాన్పించిరి. బాలునకు మాత్రమే గాక, ఇంటివారందరికిని అట్టి ఆహారమునే ఏర్పరచిరి. ఆ బాలుర కాలేయమున క్రొవ్వు నూటికి 25 పాళ్లనుండి 17 పాళ్లకు దిగెను. వాడుక భోజనమునే తిన్న తక్కిన బాలురకు 21 నుండి 20కి మాత్రమే దిగెను. రెండు మాసములలోనే ఇంత మార్పు!

ఈ ప్రయోగమున మాకు మిక్కిలి నచ్చినది ఇంటివారందరును కలిసి మారుట. తండ్రి చేతిలో కూల్‌డ్రింకు సీసా నుంచుకొని కుమారునకు మజ్జిగ త్రాగుమని బోధించినచో ఆ బోధ నిలువదు. లావుగా నున్న పిల్లవానిని పంక్తిలో ప్రత్యేకించి, “నీకు వద్దు” అని అందరి యెదుట గద్దించుట దయగాని బుద్ధిగాని కాదు. అట్టి పిల్లవాడు చాటుగా తినుట నేర్చుకొనును.

ఏమి చేయవలెను?

చేయవలసినవి కష్టమైనవి కావు గాని ప్రతిదినమును చేయవలసినవి. విస్తరిలో సగము కూరగాయలు, ఆకుకూరలు ఉండునట్లు చూచుకొనవలెను. పప్పు చిక్కగా నుండవలెను. పెసలు, సెనగలు, గ్రుడ్డు, చేప, పెరుగు వీనిలో ఏదో ఒకటి ప్రతి పూటయు నుండుట మేలు. అన్నము మూడవసారి వడ్డించుకొనక రెండవసారికే ఆపవలెను. ఒక పూట జొన్నరొట్టెయో రాగిసంకటియో పెట్టుకొనవచ్చును. అయితే జొన్నలును పిండిపదార్థములే గనుక వానికిని మితము కావలెను. టీలో చక్కెరను వారమునకు అరచెంచా చొప్పున తగ్గించినచో నాలుక అలవాటుపడును. దాహమునకు నీరు, మజ్జిగ చాలును. సాయంకాలము బజ్జీలకు బదులు వేయించిన సెనగలో, జామపండో తినవచ్చును. రాత్రి భోజనము నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగింపవలెను. వారమునకు నూటయేబది నిమిషములు చురుకుగా నడచుట మంచిది. బరువు తగ్గకపోయినను వ్యాయామము కాలేయమునందలి క్రొవ్వును కొంత కరగించును. దిగవలసిన స్టేషనుకు ఒక స్టేషను ముందు దిగి నడచుట నగరవాసికి సులభమైన వ్యాయామము.

బరువు అధికముగా నున్నవారికి ఆశ కలిగించు లెక్క యొకటి చెప్పుదుము. క్యూబా దేశమున 293 మంది రోగులను ఒక సంవత్సరము ఆహారనియమముతోను వ్యాయామముతోను నడిపి 2015లో ఫలితములను ప్రకటించిరి. తమ బరువులో పదియవవంతుగాని అంతకుమించిగాని తగ్గినవారిలో నూటికి 90 మందికి కాలేయపు వాపు పోయెను. 45 మందికి మచ్చలుగూడ తగ్గెను. అంత తగ్గగలిగినవారు నూటికి పదిమందియే యనుటయు దాచరాదు. కాని ఇరువదియవవంతు తగ్గినను, అనగా ఎనుబది కిలోగ్రాములవాడు నాలుగు కిలోగ్రాములు తగ్గినను, క్రొవ్వు తగ్గుట ప్రారంభించును. పోయిన చేయి మరల మొలవదు. క్రొవ్వు పట్టిన కాలేయము మాత్రము అవకాశమిచ్చినచో మరల కోలుకొనును. దేహమున ఇట్టి క్షమాగుణము గల అవయవము అరుదు.

కొన్ని హెచ్చరికలు

సన్నగా నున్నవారు తమకు భయము లేదని యనుకొనరాదు. దక్షిణాసియావాసులకు తక్కువ బరువులోనే పొట్టచుట్టు క్రొవ్వు చేరును. నడుముకొలత పురుషులకు తొంబది సెంటీమీటర్లను, స్త్రీలకు ఎనుబది సెంటీమీటర్లను మించినచో జాగ్రత్తపడవలెను. ఇంటిలో మధుమేహమున్నవారును, తమకు మధుమేహమున్నవారును వైద్యుని అడిగి పరీక్ష చేయించుకొనవలెను. రక్తపరీక్షయు అల్ట్రాసౌండు పరీక్షయు సామాన్యముగా చేయుదురు. కాలేయము గట్టిదనమును కొలుచు యంత్రములును నేడు కలవు. మనకు సమీపమున పంజగుట్టలో నిజాం వైద్యవిజ్ఞానసంస్థ కలదు. ఇతర ఆసుపత్రులును కలవు.

ఒక్కసారిగా ఉపవాసములు పట్టి దేహమును మాడ్చుకొనరాదు. వేగముగా బరువు దిగుట కాలేయమునకు హానిచేయవచ్చును. వారమునకు అరకిలోగ్రాము మొదలు ఒక కిలోగ్రామువరకు చాలును. “కాలేయమును కడుగు” నని విక్రయించు చూర్ణములను, కషాయములను వైద్యుని యడుగక పుచ్చుకొనరాదు. కొన్ని మూలికలు కాలేయమునకే కీడు చేసినవి. 2024లోను 2025లోను అమెరికాలో ఈ వ్యాధి ముదిరినవారికై రెండు మందులు అంగీకరింపబడినవి. కాని ఆ మందులు ఆహారనియమముతోను వ్యాయామముతోను కలిపి వాడుటకే ఉద్దేశింపబడినవి. మద్యము క్రొవ్వుకాలేయమునకు ఎండుగడ్డిపై నిప్పువంటిది. దానిని పూర్తిగా వర్జించుటయే శ్రేయస్కరము.

కడమాట

హాస్టళ్లు నడుపువారికిని, మెస్సు కంట్రాక్టుదారులకును మా విన్నపమొకటి. పప్పు చిక్కపరచి, కూర ఒక గరిటె పెంచి, అన్నపు కుప్పను కొంచెము తగ్గించినచో మీకు పెద్ద నష్టము రాదు. నూరుగురు తల్లులు మీకు కృతజ్ఞులగుదురు. తలిదండ్రులారా, కాలేయపరీక్షలో క్రొవ్వు కనబడినవారిని అనుమానించి అవమానింపకుడు. వారితో కూడ కూర్చుండి అదే భోజనము చేయుడు. బాలబాలికలారా, మీరు రేపు మా గుమ్మము దాటి, తల్లి వడ్డన లేనిచోటికి పోవుదురు. అక్కడ మీ విస్తరిని మీరే నింపుకొనవలెను. ఏమి తినవలెనో, ఎప్పుడు ఆపవలెనో ఇప్పుడే అభ్యసింపుడు. ఈ పాఠమునకు పరీక్షాపత్రము లేదు. మార్కులు వేయువాడు ఇరువదియేండ్ల పిమ్మట వచ్చును. అప్పటివరకు మాటాడని ఆ సేవకునకు ప్రతి రాత్రియు కొంత విశ్రాంతి నిచ్చుట మన చేతిలోని పని.